అప్పగింత పాట, రెండో టేకు

అనసూయా,

ఎట్లా ఉన్నావు? నువ్వు వెళ్లి ఇవాళ్టికి పద్నాలుగు నెలల తొమ్మిది రోజులు. ఈ ఉత్తరం ఎప్పుడో రాయాల్సింది. కానీ పని సగంలో ఉండగా కబుర్లు చెప్పడం నాకు రాదు… ఇన్నేళ్ల తోడికోడలివి, నీకు తెలియనిదా? ఇప్పుడు పని పూర్తయింది. అందుకే కూర్చున్నాను.

ముందు ముఖ్యమైన సంగతి. మిర్యాలగూడ ఇంట్లో నీ గది ఇప్పుడు రికార్డింగ్ స్టూడియో.

నవ్వకు. నిజమే చెప్తున్నాను.

నీ మంచం తీసి హాల్లో వేయించాను. బీరువా మాత్రం అక్కడే ఉంది. దాని తలుపులు బార్లా తెరిచి పెడతాను. లోపల నీ చీరలు ఒత్తుగా ఉన్నాయి కదా, గదిలో మోగే శబ్దాన్ని అవి పీల్చుకుంటాయి. ఆ చీరలు ఎవరికైనా ఇచ్చేద్దామని అందరూ అన్నారు. ఇప్పుడు ఎవరూ అనడం లేదు. అవి డ్యూటీలో ఉన్నాయి.

ఇదంతా ఎందుకు మొదలైందో చెప్తాను…

నీ మనవరాలు శ్రావణికి సంబంధం కుదిరింది. అబ్బాయిది కోదాడ, నెమ్మదస్తుడు. సూర్యాపేటలో బ్యాంకు ఉద్యోగం మాననని ఈ పిల్ల మొదటే చెప్పేసింది, వాళ్లు సరేనన్నారు. పెళ్లి మాఘంలో. నా తరఫున ఏం కావాలో చెప్పమంటే అది ఒక్కటే అడిగింది. వాళ్ల నాయనమ్మ అప్పగింత పాట.

మన ఇంటి ఆడపిల్లను అత్తవారికి అప్పగించిన ప్రతిసారీ నువ్వు పాడిన పాట. నువ్వే కట్టిన పాట. నీ నోటుబుక్కులో ముప్పై ఆరోది. మూడు చరణాలూ గుండ్రని అక్షరాలతో రాసిపెట్టావు, ఒక్క కొట్టివేత లేదు. బాణీ ఎక్కడ రాశావమ్మా? నీ ఫోనులో వెతికితే నలభై సెకన్లు దొరికింది. పల్లవి, మొదటి చరణంలో సగం… అంతలో ఎవరో ఫోను చేశారు, ఆగిపోయింది.

మొత్తం బాణీ తెలిసిన మనిషి ఇక ఒక్కతే. కోదాడలో ఉన్న నీ చెల్లెలు సుగుణ.

ఆ సుగుణకు గొంతులో గడ్డ. కంగారు పడకు, థైరాయిడ్, ప్రాణానికి ఏం భయం లేదు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. కాకపోతే ఆ తర్వాత కొన్నాళ్లు గొంతు బొంగురు పోవచ్చనీ, పాత గొంతు పూర్తిగా వస్తుందో రాదో ముందే చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. ఆ మాట విన్న రోజునే క్యాలెండరు తీసి చూశాను. పదకొండు వారాలున్నాయి. ఆ లోపల ఆ పాట పూర్తిగా రికార్డు కావాలి. ఎలాగూ సరంజామా అంతా పెడుతున్నాం కాబట్టి నీ నోటుబుక్కులో ఉన్న మిగతా ముప్పై ఆరు కూడా.

హైదరాబాదులో స్టూడియోకు పోదామని శ్రావణి అంది. డెబ్బైకి అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లను తీసుకుపోయి అద్దాల గదిలో నిలబెడితే పాట వస్తుందా? నువ్వు అనేదానివి గుర్తుందా… "కొత్త ఇంట్ల నాకు దగ్గు గూడ సక్కగ రాదక్కా" అని. ఇంట్లోనే చేద్దామన్నాను.

మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే చిన్న పెట్టె, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు తెప్పించాను. వాటితో వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టాను. ఆ పుస్తకాన్ని చదివే మనిషిని తను ఇంతవరకు చూడలేదని శ్రావణి అంది. చదవకపోతే ఎందుకు అచ్చు వేస్తారు?

అనసూయా, ఇరవై ఆరేళ్లు పిల్లలకు ధ్వని పాఠం చెప్పాను నేను. ప్రతిధ్వని వినపడాలంటే గోడ కనీసం పదిహేడు మీటర్ల దూరంలో ఉండాలని వేల మంది చేత వల్లె వేయించాను. నీ గది పొడవు పదకొండు అడుగులు. ఇంక భయమేముందని ధీమాగా ఉన్నాను. మొదటిసారి నా గొంతే రికార్డు చేసుకుని వింటే… బావిలో పడి అరుస్తున్నట్టుంది. ప్రతిధ్వని వేరు, గదిలో మోత వేరు. పాఠంలో రెండో పేరా అది. దాన్ని నేను ప్రతి ఏడాదీ తొందరగా దాటించేసేదాన్ని. డెబ్బై నాలుగేళ్ల వయసులో తెలిసింది.

నువ్వు కుట్టిన బొంతలు అయిదు తీసి మూడు గోడలకు వేలాడదీశాను. కింద జంపఖానా. కిటికీకి దుప్పటి. 'ప' వచ్చినప్పుడల్లా మైకులో తుపాకి పేలినట్టు వస్తుంటే, శ్రావణి చిన్నప్పుడు కుట్లు నేర్చుకున్న గుండ్రటి చట్రానికి పాత వాయిలు చీర ముక్క బిగించి మైకు ముందు నిలబెట్టాను. పేలడం ఆగింది. ఆ రోజు నాకు నేనే నూటికి తొంభై వేసుకున్నాను. మిగతా పది ఎందుకు వేయలేదంటావా? చట్రం కొంచెం వంకరగా ఉంది.

ఇక పాడేవాళ్లు. సూర్యాపేట నుంచి మన ఆడబిడ్డ యశోద. కోదాడ నుంచి సుగుణ. ఇక్కడి నుంచి మరియమ్మ. మా బడిలో అటెండరుగా చేసి రిటైరైన మరియమ్మే, మధ్యాహ్నాలు వెనక మెట్ల మీద కూర్చుని నీకు వంత పాడేది కదా. వాళ్ల ఇళ్లలో పెళ్లి పాటలు వేరు. అయినా నీ పాటలు మనవాళ్లందరికంటే దానికే బాగా వచ్చు.

ఎదురు రైస్ మిల్లు సంగతి నీకు తెలుసు. పొద్దుట మొదలైతే ఆగదు. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నాలకు ఆపుతారు. వారం రోజులు గడియారం పట్టుకుని చూశాను. సరిగ్గా ఒంటిగంట అయిదుకు నిశ్శబ్దం. ఒంటిగంట యాభైకి మళ్లీ మోటారు. అంటే నాకు రోజుకు నలభై అయిదు నిమిషాలు. బుధవారం, శనివారం. ఇంత తక్కువ సమయంలో ముప్పై ఏడు పాటలు రావాలంటే ఒక పద్ధతి ఉండాలా వద్దా?

పెట్టాను. వైర్లకు రంగు దారాలు కట్టాను, ఏది ఎక్కడ గుచ్చాలో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. మైకు జానెడు దూరం. నేల మీద సుద్దముక్కతో ముగ్గురికీ గీతలు. పది గంటలకే అన్నీ వేసి, కంప్యూటరులో ఎర్ర గీత తాకకుండా శబ్దం సరిచూసి పెట్టేదాన్ని. పన్నెండున్నరకు పాడేవాళ్లకు భోజనం, పెరుగు లేదు, వేపుడు లేదు. పాటకు ముందు ఒకసారి చప్పట్లు కొట్టి, పాట సంఖ్య, టేకు సంఖ్య పైకి చెప్పాలి. ఒక్కో పాటకు మూడు టేకులే. రికార్డయింది అప్పటికప్పుడు వినకూడదు, మర్నాడు పొద్దున్నే వినాలి. రెండు కాపీలు, ఒకటి ఇక్కడ, ఒకటి సూర్యాపేటలో యశోద బీరువాలో. అన్నిటికీ ఒక పుస్తకం.

పెరుగు లేకుండా అన్నం పెట్టే ఇంటికి తను ఇంక రానని యశోద మొదటి రోజే ప్రకటించింది. మళ్లీ అందరికంటే ముందు వచ్చేదీ అదే.

గాజులు చప్పుడవుతున్నాయి, తీసి పక్కన పెట్టండి అన్నాను… అంతే. ముగ్గురూ నా వంక చూసిన చూపు నువ్వు చూడాల్సింది. ముత్తైదువ చేతి గాజులు తీయమన్న మొదటి స్టూడియో ఇదేనని యశోద అంది. చివరికి గాజులు మోచేతి దాకా పైకి తోసి, మీద చేతిరుమాలు చుట్టి కట్టాను. ముగ్గురూ వరసగా కూర్చుంటే బీపీ చూపించుకోవడానికి దవాఖానకు వచ్చినట్టుంది.

ఇంత చేసి మొదటి రోజే ఎంత తప్పు చేశానో చెప్పనా?

శబ్దం సరిచూసుకోవడానికి అందరికీ బాగా వచ్చిన చిన్న పాట ఒకటి ముందు పాడిద్దామనుకున్నాను. నీ పుస్తకంలో చివరిది, ముప్పై ఏడోది, మంగళహారతి. నాలుగే లైన్లు. చక్కగా పాడారు. మొదటి టేకే బాగుంది. నేను పుస్తకంలో రాసుకుని తల ఎత్తేసరికి ముగ్గురూ కళ్లకు అద్దుకుని లేచారు. సుగుణ సంచి సర్దుకుంటోంది. యశోద బస్సు టైం అడుగుతోంది. ఎక్కడికి అంటే, మంగళం పాడాక ఇంకేం ఉంటుంది అన్నారు. చేతిలో ముప్పై ఎనిమిది నిమిషాలు ఉన్నాయని చెప్పాను. మంగళం అయ్యాక ఇంకో పాట పాడితే అరిష్టమని ముగ్గురూ ఒకే మాట. మరియమ్మ కూడా. నీకేంటే అంటే, పద్ధతి పద్ధతే టీచరమ్మా అంది.

అలా నా స్టూడియో మొదటి రోజు ఏడు నిమిషాలు నడిచింది.

ఆ రాత్రికే… కాదు, మర్నాడు పొద్దున పట్టిక మొత్తం మార్చాను. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత అని నేను రాసుకున్నది కొట్టేసి, పెళ్లి ఎట్లా నడుస్తుందో అట్లా రాశాను. పసుపు దంచడం, పెళ్లికూతుర్ని చేయడం, తలంబ్రాలు, విందు, అప్పగింత. మంగళం ఇక తలుచుకోలేదు, అది ఎలాగూ చేతిలో ఉంది. నీ నోటుబుక్కు కూడా అదే వరసలో ఉంది! నేను గమనించనే లేదు. నువ్వు నాకంటే పద్ధతిగా ఉన్నావని ఒప్పుకుంటున్నాను.

రెండో రోజు దంచే పాట. ముగ్గురూ ఒళ్లో చేతులు పెట్టుకుని పాడితే పాట నిద్రపోతోంది. మూడు టేకులూ అయిపోయాయి. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. "చేతులు ఊకుంటె గొంతు గూడ ఊకుంటదక్కా" అని కదా? రోకళ్లు తెప్పించాను. అడుగున గుడ్డ చుట్టి, మడిచిన గోనెసంచి మీద దంచమన్నాను. చప్పుడు రాలేదు, పాట వచ్చింది! మూడు టేకుల నియమాన్ని ఆ రోజు నేనే మీరాను. పుస్తకంలో కారణం రాశాను.

అప్పటి నుంచి పాటకు ఒక పని. తలంబ్రాల పాటకు పళ్లెంలో బియ్యం కలిపారు. ఊంజల పాటకు ఉయ్యాల ఊపుతున్నట్టు ఖాళీ చేతులు ఊపారు. విందు పాటలకు మాత్రం ఎవరినైనా ఎత్తిపొడవాలి కదా, వియ్యపురాలు కావాలి. నన్నే పెట్టుకున్నారు. నీ పాటలో వియ్యపురాలి ముక్కు గురించి ఉన్న చోట నా కళ్లద్దాల గురించి, గారెల గురించి ఉన్న చోట నా పుస్తకం గురించి పెట్టి పాడారు. అది కూడా అప్పటికప్పుడు, ముగ్గురూ తడుముకోకుండా. ముందే అనుకుని వచ్చారని నా అనుమానం. హెడ్‌ఫోన్లలో తిట్లు మరీ స్పష్టంగా వినిపిస్తాయి, తెలుసా? నేను నవ్వాపుకోలేక టేకు పాడు చేశాను. ఆ వారం పుస్తకంలో 'కారణం' అనే చోట నా పేరే ఉంది.

నీ మరిది మాత్రం… చూడు, అలవాటు లేక తప్పు రాస్తున్నాను. నా మరిది, అంటే నీ మనిషి, గరిడేపల్లిలో పొలం పని చూసుకుని బుధ, శనివారాలు వచ్చేవాడు. వరండాలో కుర్చీ వేసుకుని, ఎవరూ గేటు తీయకుండా, కాలింగ్ బెల్ కొట్టకుండా చూడడం ఆయన పని. గది తలుపు మూసి ఉన్నా ఎక్కడో సన్నగా వినపడేదేమో. ఒక్కరోజు మానలేదు.

ఆరు వారాల్లో ముప్పై అయిదు పాటలు పూర్తి. ముప్పై ఆరో పాట దగ్గర ఆగింది.

ముగ్గురూ 'మేం పాడం' అన్నారు.

పెళ్లికూతురు లేకుండా అప్పగింత పాట పాడకూడదట. నేను చాలా చెప్పాను. అప్పుడు యశోద అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఊకెనే అప్పగింత పాడొద్దు వదినా. పిల్ల లేకుంట పాడితె, ఇంట్ల ఎవలనో ఒకలను పంపినట్టయితది."

నేను కూర్చుంటానని శ్రావణి అంది. పెళ్లికి ముందే అప్పగింతా అని దాన్ని తిట్టి పంపారు.

మిగతా ఇద్దరి సంగతి సరే, బాణీ తెలిసినది సుగుణ కదా. నువ్వొక్కదానివే పాడు, నేనొక్కదాన్నే వింటాను, ఒక్క టేకు చాలు అన్నాను. తల అడ్డంగా ఊపింది. నాకు కోపం వచ్చింది. చదువుకున్నదానివి, పాటకూ మనుషులు పోవడానికీ సంబంధం ఏమిటి, చూపించు అన్నాను. బోర్డు ముందు పిల్లను నిలబెట్టినట్టు నిలబెట్టానేమో… సుగుణ చేతిరుమాలు విప్పి, గాజులు కిందికి జార్చుకుని, కోదాడ బస్సుకు వెళ్లిపోయింది. తర్వాతి బుధవారం రాలేదు. శనివారమూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

నువ్వుంటే ఏం చేసేదానివి? పెద్దకోడలినని నేను గట్టిగా మాట్లాడిన ప్రతిచోటికీ వెనకాలే వెళ్లి సర్దేదానివి కదా. ఇన్నేళ్లూ అది ఎంత పనో నాకు తెలియలేదు.

ఆదివారం నేనే కోదాడ వెళ్లాను. హుజూర్‌నగర్ మీదుగా, నిలబడి. సుగుణ తలుపు తీసి, ఏం అడగకుండా కుర్చీ వేసి టీ పెట్టింది. కాసేపటికి అదే చెప్పింది. "కోపం కాదక్కా. గొంతు కోయించుకోబోయే ముందు సాగనంపే పాట పాడితే, నన్ను నేనే సాగనంపుకున్నట్టు ఉండదా?"

అనసూయా, ఇది ఏ పాఠంలోనూ లేదు. ఆరు వారాలుగా దాని గొంతు ఎర్ర గీత తాకుతుందా లేదా అని చూశాను గానీ, ఆ గొంతులో భయం ఉందని వినలేదు. నేను పాట మాట ఎత్తకుండా, నీ కబుర్లు రెండు చెప్పి, టీ తాగి వచ్చేశాను. పోనీ, పాట పోతే పోయిందనుకున్నాను. అప్పటికి ఆపరేషన్‌కు పదకొండు రోజులు.

మర్నాడు మరియమ్మను పిలిచి బొంతలు దింపడం మొదలుపెట్టాను. ఒక కొస అది, ఒక కొస నేను పట్టుకుని మడుస్తున్నాం. ఉన్నట్టుండి అడిగింది, నా పెళ్లిలో అప్పగింత పాట ఎవరు పాడారని.

ఎవరూ పాడలేదు. మా నాన్న సంగతి నీకు తెలుసు కదా, హెడ్మాస్టరు, ఆర్భాటాలు పడవు. బడి హాల్లో దండలు మార్పించి, రిజిస్టరులో సంతకాలు పెట్టించి, యాభై మందికి భోజనం పెట్టి, సాయంత్రం బస్సెక్కించారు. పాటల్లేవు, పాల పళ్లెం లేదు. మా అమ్మ బస్సు కిటికీలోంచి నా చేయి ఒకసారి పట్టుకుంది, కండక్టరు విజిల్ వేశాడు. అదే నా అప్పగింత. అదే చెప్పాను.

మరియమ్మ బొంత కొస వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "గట్లయితె నిన్ను ఇంక ఎవలు పంపనే లేదు టీచరమ్మా. యాభై రెండేండ్ల సంది ఊకెనే వచ్చి కూసున్నవన్నట్టు."

తప్పు ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. లెక్క సరిగ్గానే ఉంది.

వెంటనే యశోదకు ఫోను చేశాను. ఆలోచించుకుని, పునిస్త్రీవి, పైగా జరగాల్సింది జరగకుండా ఉంది, పాడితే మంచిదేనంది. తర్వాత సుగుణకు చేశాను. ఈసారి ఎత్తింది. వచ్చే శనివారం నా అప్పగింతలు, పుట్టింటి వైపు ఎవరూ మిగల్లేదు, నువ్వు వచ్చి పాడాలి అన్నాను.

అవతల నుంచి నవ్వు. ఎంత నవ్విందంటే, ఫోను పక్కన పెట్టేసి నవ్వింది. పంపాల్సిన మనిషి దొరికింది కదా, ఇంక దాని భయానికి పని లేదు. శనివారం మొదటి బస్సుకే దిగింది, పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క, కిలో బెల్లంతో. పెళ్లికూతురి తరఫు అంటే ఊరికే రారట.

రెండో శనివారం కాబట్టి శ్రావణికి బ్యాంకు సెలవు. నా తలలో పూలు పెట్టింది. పూల మీద హెడ్‌ఫోన్లు. యశోద పాదాలకు పసుపు రాసింది. స్టీలు పళ్లెంలో పాలు పోస్తే కదిలినప్పుడల్లా చప్పుడు, అందుకని కింద తడి తువాలు పరిచాను. పెళ్లికొడుకు వైపు వాళ్లు కావాలిగా, ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. మీ బావగారు, నా మరిది, ఆడబిడ్డ యశోద. మీ బావగారికి చెవుడు ఇంకొంచెం పెరిగింది. తెల్ల పంచె కట్టుకుని వచ్చి కూర్చోమంటే కూర్చున్నారు.

ఒంటిగంట అయిదు. మిల్లు ఆగింది. పీటలు ఎటు వేయాలో యశోద తేల్చేసరికి ఒంటిగంట ముప్పై. శ్రావణి చప్పట్లు కొట్టింది. ముప్పై ఆరు, మొదటి టేకు. సుగుణ పల్లవి అందుకుంది… రెండో లైనులో మీ బావగారు పక్కకు వంగి, ఊరంతా వినేట్టు తమ్ముణ్ణి అడిగారు: "ఈ వయసుల ఈమెను యాడికి పంపుతున్నరు?"

మరియమ్మ గోడవైపు తిరిగి నవ్వింది. సుగుణకు పొలమారింది. మాట్లాడినవాళ్లు బయటికి అని నా నియమం. కానీ పెళ్లికొడుకును బయటికి పంపి అప్పగింత ఎట్లా చేస్తారు? అందరూ మంచినీళ్లు తాగి, నవ్వు ఖాళీ అయ్యేసరికి చాలా సమయం పోయింది.

ఒంటిగంట నలభై ఆరుకు రెండో టేకు. నా చేతులు పాలలో పెట్టారు.

నువ్వు ఆ పాట ఎట్లా కట్టావు అనసూయా? వంట చేస్తూనా? "పాల తడి ఆరకముందె పట్టుకోరమ్మా, మా పిల్ల వేళ్లు చల్లన, మనసేమొ వెచ్చన…" ఎన్ని పెళ్లిళ్లలో విన్నాను ఈ లైను! ప్రతిసారీ విస్తళ్లు లెక్క చూస్తూనో, బస్సు డ్రైవరును వెతుకుతూనో విన్నాను. పీట మీద కూర్చుని వింటే అది వేరే పాట. సుగుణ గొంతు హెడ్‌ఫోన్లలో ఎంత దగ్గరగా ఉందంటే, పదానికి ముందు అది పీల్చే గాలి కూడా వినపడింది. భయం లేదు. నన్ను సాగనంపుతోంది, అంతే.

మూడో చరణం మొదలవుతుండగా ఒంటిగంట యాభై అయింది. ఎదురుగా మిల్లు మోటారు మొదలైంది.

ఆపాలి. నియమం ప్రకారం ఆపాలి. కానీ నా చేతులు పాలలో ఉన్నాయి, యశోద వాటిని పట్టుకుని మీ బావగారి చేతుల్లో పెడుతోంది. కంప్యూటరు అందదు. శ్రావణి నా వంక చూసింది. నేను తల ఊపలేదు. సుగుణ ఆగలేదు, గొంతు రవ్వంత దించి, ఆ మోటారు హోరును శ్రుతిగా పెట్టుకుని పాడింది. చివరి లైను దాకా పాడింది.

అందరికంటే చివర నా మరిది చేతుల్లో పెట్టారు. ఆయన తల ఎత్తలేదు. పాట అయిపోయాక కూడా వదల్లేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా ఇంటికొచ్చినవ్ వదినా. ఇగ పరేషాన్ గాకు."

ఆ మాట కూడా రికార్డయింది. తీసేయలేదు.

తర్వాత ముగ్గురూ మంగళం పాడారు, మిల్లు హోరులోనే. అది నాకు అక్కర్లేదని నేను అనలేదు. ఆ రోజు భోజనంలో పెరుగు కూడా పెట్టాను.

సుగుణ ఆపరేషన్ బాగా జరిగింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, ఫోనులో హలో అంటే ఎవరో మగాయన అనుకుంటున్నారు. నెలలు పడుతుందన్నారు డాక్టర్లు. ఈలోగా తన పాట తనే విని, అక్కడ ఇంకొంచెం సాగదీసి ఉండాల్సిందని నాకు వాయిస్ మెసేజీలు పెడుతోంది. శ్రావణి, దాని స్నేహితురాళ్లు ఇద్దరు ఆదివారాలు నీ గదిలో కూర్చుని పాట నేర్చుకుంటున్నారు. రికార్డు చేసింది పెళ్లిలో స్పీకర్లలో వేయొద్దని నిర్ణయించాం. అది నేర్చుకోవడానికి. పెళ్లిలో మనుషులే పాడతారు.

ఇంకొక్క విషయం తేలాల్సి ఉంది. నేను రెండుసార్లు సరిచూశాను, తప్పు లేదు.

నీకు అప్పగింత జరిగి నలభై ఆరేళ్లు. నాకు జరిగి ఇరవై మూడు రోజులు. అంటే ఈ ఇంటికి నువ్వు ముందు వచ్చావు. పెద్ద కోడలివి నువ్వే. ఇన్నాళ్లూ నిన్ను అటు కూర్చో, ఇటు నిలబడు అని చెప్పిందంతా చిన్నకోడలు… పెళ్లిలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురి పక్కన నిలబడే హక్కు పెద్దావిడది. మాఘంలో నీ తరఫున ఆ చోట నేను నిలబడతాను. పిల్లలు పాడుతుంటే గొంతు కలుపుతాను. ఎవరైనా తప్పు పాడినా ఆపను. మాట ఇస్తున్నాను.

ఉంటాను అక్కా.

నీ చెల్లెలు,
విమల